రాణి వేషం వదులుకున్న మనిషి

ఆయన పోయిన సంగతి నాకు బాపట్ల బస్టాండులో తెలిసింది. బడి వదిలాక ఇంటికి వెళ్తూ అరటిపళ్ళు బేరమాడుతున్నాను. వెనకనుంచి ఎవరో "అమ్మాయ్" అన్నారు. టీచరమ్మనయ్యాక నన్నలా పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. తిరిగి చూస్తే, ఒకప్పుడు మా నాటకాలకు హార్మోనియం వాయించిన తాత. పొన్నూరు బస్సు కోసం నిలబడి ఉన్నాడు.

"మన మాష్టారు పోయాడుగా," అన్నాడు, బస్సు ఎన్నింటికో చెప్పినట్టు.

"ఎప్పుడండి?"

"వానలు పడ్డప్పుడు. నాకూ మొన్ననే తెలిసింది. అయినా ఎవరికి చెప్తారమ్మా? ఆయనకి ఎవరున్నారని?"

అంతలో బస్సొచ్చింది. తాత చేతిసంచీ కిటికీలోంచి సీటు మీదికి విసిరి, జనంలో తోసుకుంటూ ఎక్కిపోయాడు. పళ్ళబండి అతను "ఇమ్మంటారా వద్దంటారా" అని రెండోసారి అడిగితే గానీ నాకు వినపడలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. తెనాల్లో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళు కూడా తక్కువే. వేసిన వేషంతో "రాణీగారు" అని పిలిచేవాళ్ళు. ఆ పిలుపు ఒకప్పుడు మెచ్చుకోలు. నేను ఎరిగేనాటికి వెక్కిరింత. మేం మాత్రం మాష్టారు అనేవాళ్ళం.

మనిషి సన్నం, పొడుగు. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన పంచె, ఎంత ఎండలోనైనా భుజాన కండువా. అది జారినప్పుడల్లా రెండు వేళ్ళతో అందుకుని, పైట సర్దుకున్నట్టు వెనక్కి వేసుకునేవాడు. తను అలా చేస్తున్నట్టు ఆయనకు తెలియదు. చూసేవాళ్ళకు తెలిసేది. జుట్టు భుజాలదాకా పెంచి ముడేసుకునేవాడు. ఇంకా ఎందుకండీ అంటే, "సవరం పెట్టుకుంటే మనం తల తిప్పినప్పుడు అది తిరగదమ్మాయ్," అనేవాడు, రేపే నాటకం ఉన్నట్టు.

ఆయన కుర్రతనంలో, తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో కొత్త కోడళ్ళు ఆయన్ని చూసి చీర కట్టటం నేర్చుకునేవాళ్ళట. స్టేజీ మీదికి రాగానే ఒన్స్‌మోర్ అనేవాళ్ళట, ఇంకా ఏమీ పాడకముందే. అవన్నీ నేను విన్నవే. నా కాలానికి నాటకాల్లోకి ఆడవాళ్ళు వచ్చేశారు. ఆడవేషాలు కట్టే మగవాళ్ళను పిలిచేవాళ్ళు లేకుండా పోయారు. కొందరు మీసాలు పెంచుకుని మగవేషాల్లోకి మారారు. ఈయన మారలేకపోయాడు. గ్రీన్‌రూములో ఒక మూల కూర్చుని, వచ్చిన నటీమణులకు కుచ్చిళ్ళు సర్దిపెట్టే పని మాత్రం మిగిలింది.

ఇల్లంటే అన్నగారి ఇల్లు. అందులో వీధివైపు గది ఆయనది. పెళ్ళయింది. ఆవిడ పుట్టింటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఎందుకు రాలేదని ఆయన్ని ఎవరూ అడగలేదు. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకున్నారు.

మాది భట్టిప్రోలు దగ్గర, కాలవ అవతల మాలపల్లె. ఇంటిల్లిపాదీ కూలికి పోయేవాళ్ళమే, ఆదివారం చర్చికి పోయేవాళ్ళమే. క్రిస్మస్‌కి చర్చి ముందు పందిరేసి నాటకం ఆడటం మా పల్లె కుర్రాళ్ళ అలవాటు. ఎవరు నేర్పారంటే ఎవరూ లేరు. దూరంగా నిలబడి ఊళ్ళో నాటకాలు చూసి నేర్చుకున్నదే. అందుకని మావాళ్ళ రాజులు కూడా ఊళ్ళో రాజుల్లాగే దూరాన్నుంచి బాగుండేవాళ్ళు, దగ్గరికొస్తే తేలిపోయేవాళ్ళు.

మా అన్న తెనాల్లో హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. వాడికి చదువుకంటే పద్యం ఇష్టం. నాటకం నేర్పుతారని విని ఒక సమాజం వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. పాడమన్నారు, పాడాడు. బాగుందన్నారు. ఏ ఊరని అడిగారు, చెప్పాడు. ఊళ్ళో ఎక్కడని అడిగారు. అదీ చెప్పాడు. కాసేపు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, "తెర లాగటానికి మనిషి కావాలి, వస్తావా?" అన్నారు. అన్న ఒప్పుకున్నాడు. తెర లాగితే పక్కనుంచి నాటకమైనా చూడొచ్చు గదా అనుకున్నాడు.

అక్కడే మాష్టారు మా అన్నను చూశాడు. చూడటం కంటే ముందు విన్నాడు. తెర తాడు పట్టుకుని అన్న లోగొంతుతో రాగం తీసుకుంటున్నాడట.

"ఎవర్రా అబ్బాయ్ అది?"

"నేనేనండి."

"ఆ గొంతు పెట్టుకుని తెర దగ్గరేం చేస్తున్నావ్?"

అన్న చేతిలో తాడు సర్దుకున్నాడు. ఆయనకు అర్థమైంది. చీర మడత పెడుతూనే అడిగాడు.

"మీ పల్లెలో నీలాంటివాళ్ళు ఇంకా ఉన్నారా?"

"శానామంది ఉన్నారండి."

"ఆదివారం వస్తే దొరుకుతారా?"

"పొద్దున చర్చి ఉంటదండి."

"చర్చయ్యాకే వస్తాలే."

అన్నట్టే వచ్చాడు. తెనాలినుంచి రేపల్లె పోయే బండిలో భట్టిప్రోలులో దిగి, గొడుగేసుకుని కాలవగట్టు మీద నడిచి వస్తుంటే పల్లెలో పిల్లలం వెంటపడి నవ్వాం, ఆ నడక చూసి. ఆయన వెనక్కి తిరిగి కోప్పడలేదు. నడక కూడా మార్చుకోలేదు.

మా నాన్నకు అనుమానం. పైకులపు మనిషి పల్లెలోకి ఊరికే రాడని ఆయన జీవితం నేర్పిన పాఠం. చేతులు కట్టుకుని నిలబడి అడిగాడు, "ఏం ఆశించి వస్తున్నారండి అయ్యగారూ?"

"ఏమీ లేదన్నయ్యా. ఆదివారం పూట ఇంట్లో తోచదు. నాకొచ్చింది ఇదొక్కటే. నేర్పమని అడిగేవాళ్ళు లేరు."

నాన్నను పైకులపాయన 'అన్నయ్యా' అనటం అదే మొదలు. నాన్న సంతోషించలేదు. భయమేసిందని తర్వాత అమ్మతో అన్నాడు.

ఆయన వెంట మూతపెట్టిన మరచెంబుతో నీళ్ళు తెచ్చుకునేవాడు. మా ఇళ్ళల్లో ముట్టడని అందరం అనుకున్నాం. నేర్పటానికి పనికొచ్చాం గానీ నీళ్ళకు పనికిరాలేదని అమ్మ ఒకరోజు ఆయనకు వినపడేటట్టే అంది. ఆయన కంగారుపడిపోయాడు. "గొంతుకోసం వేడినీళ్ళమ్మా. చన్నీళ్ళు తాగితే నాకు పలకదు," అన్నాడు. ఆ వారం నుంచి అమ్మ మిరియాలు వేసి నీళ్ళు కాచి ఉంచేది. ఆయన చెంబు తేవటం మానేశాడు. మొదట్లో తెచ్చుకున్నది నిజంగా గొంతు కోసమేనో, ఇంకేమైనా ఉందో నేను అడగలేదు. ఆయన మానేశాడన్నదే మాకు మిగిలిన సంగతి.

ఆయన మొదట నేర్పింది పద్యం కాదు, కూర్చోవటం.

చర్చిలో ప్రార్థన జరిపే ఉపదేశిగారి కుర్చీ ఒకటి వసారాలో ఉండేది. దాన్ని మధ్యలో వేసి, అన్నను కూర్చోమన్నాడు. అన్న కూర్చున్నాడు.

"లే. అంచున కూర్చున్నావు. ఎవరన్నా వస్తే లేవటానికి సిద్ధంగా కూర్చున్నావు. మళ్ళీ కూర్చో."

మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి వెనక్కి ఆనుకున్నాడు గానీ చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చేతులెందుకు దాచుకుంటున్నావు? ఏం తప్పు చేశావని? లే."

ఆ మధ్యాహ్నమంతా అదే. పల్లెలో కుర్రాళ్ళందరూ ఒక్కొక్కరే వచ్చి కూర్చోవటం, ఆయన లేపటం. చూసేవాళ్ళకు నవ్వొచ్చింది మొదట్లో. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. మా మగపిల్లల్లో ఒక్కడికి కూడా కుర్చీలో నిండుగా కూర్చోవటం రాదని అందరికీ ఒక్కసారే కనపడింది.

"రాజంటే కిరీటం కాదురా," అన్నాడాయన. "ఎవర్నీ అడక్కుండా కూర్చునేవాడు రాజు. అది వస్తే పద్యం దానంతటదే వస్తుంది."

ఆ మాట ఊళ్ళోకి పాకింది. మా నాన్న పనిచేసే ఆసామి ఒకనాడు కల్లంలో నవ్వుతూనే అన్నాడు, "ఏరా, మీ కుర్రాళ్ళకి కుర్చీల్లో కూర్చోటం నేర్పుతున్నారంటగా?" నాన్న ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. పల్లె పెద్దలు ఉపదేశిగారితో మాట్లాడారు. పంటల రోజులు, పని లేకుండా పోతే ఇంటింటికీ పస్తే. తర్వాతి ఆదివారం మాష్టారు వచ్చేసరికి వసారాలో కుర్చీ లేదు, కుర్రాళ్ళూ లేరు. ఉపదేశిగారొక్కరే నిలబడి ఉన్నారు.

"ఇక్కడొద్దండి," అన్నారాయన. "రేపల్లెలో మా మిషను బడి ఉంది. ఆదివారం గదులు ఖాళీ. నేను అడిగి పెడతాను. అక్కడైతే ఎవరి కంటా పడదు."

మాష్టారు గొడుగు కొసతో నేల మీద ఒక గీత గీశాడు. "నన్ను రావద్దంటారేమో అనుకున్నానండి," అన్నాడు.

అలా తరగతులు రేపల్లెకు మారాయి. నేను అక్కడే ఆడపిల్లల హాస్టల్లో ఉండి ఎస్.ఎస్.ఎల్.సి. చదువుతున్నాను. అన్న ఉంటాడు గనక నన్నూ పంపించేవాళ్ళు. ఆడపిల్లను గనక వేషం లేదు. పుస్తకం పట్టుకుని మాట అందించటం నా పని.

నాటకం ఆయన సొంతంగా రాసుకున్నదే. తన గొంతు కోసం, తన నడక కోసం రాసుకున్నాడు. ఏ సమాజం వాళ్ళూ ఆడలేదు. కథ చిన్నది. రాజు పంతానికి పోయి యుద్ధం చేస్తాడు, గెలుస్తాడు. ఊరేగింపుగా తిరిగొస్తాడు. రాణి నిండుసభలోకి వచ్చి అడుగుతుంది: "మహారాజా, నీ జెండా తిరిగొచ్చింది. నా బిడ్డ ఏడి?" అక్కణ్ణుంచి చివరిదాకా ఆమె అడగటం, ఆయన చెప్పలేకపోవటం. అన్న రాజు. రాణి మాష్టారే. ఆ ఏడు తెనాల్లో నాటక పోటీలకు మా పేర్లు ఇచ్చాడు. సొంత ఊళ్ళో, సొంత నాటకంలో, అంతమంది ముందు మళ్ళీ ఒక్కసారి రాణిగా నిలబడాలని ఆయన కోరిక. నోటితో ఎప్పుడూ అనలేదు. కానీ ఆ నాటకం మొదలుపెట్టిన దగ్గర్నుంచి తమలపాకులు మానేశాడు, పళ్ళు ఎర్రబడతాయని.

పోటీలు దగ్గరికొచ్చాక ఒక ఆదివారం ఆయన జలుబుతో వచ్చాడు. మాట పెగలటం లేదు. నాకు సైగ చేశాడు, రాణి మాటలు నువ్వు చదువు, కుర్రాళ్ళకి వరస తప్పకూడదు అని. చదివాను. రాణి సభలోకి వచ్చేచోటు వచ్చింది.

ఆయన ఆ మాటను రాగం తీసి చెప్పేవాడు. గొంతు వణికించి, చివర ఏడుపు కలిపి. నాకది రాదు. నాకు వచ్చింది ఒక్కటే, మా అమ్మ అడిగింది. నాకు ఊహ తెలిసిన కొత్తల్లో మా చిన్నన్న ఆసామి గేదెల్ని కడగటానికి కాలవలో దిగాడు. సాయంత్రానికి గేదెలు ఇంటికొచ్చాయి. వాడు రాలేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆసామి ఇంటి ముందు నిలబడింది. అరవలేదు, ఏడవలేదు. "గేదెలొచ్చినయ్యండి. మా పిల్లోడేడండి?" అంది. లోపల దీపం ఉంది. ఎవరూ బయటికి రాలేదు. అమ్మ మళ్ళీ అదే గొంతుతో అడిగింది. మళ్ళీ అడిగింది.

నేను అలాగే చదివాను. "మహారాజా, నీ జెండా తిరిగొచ్చింది. నా బిడ్డ ఏడి?"

హార్మోనియం ఆగిపోయింది. అన్న కుర్చీలోంచి నన్ను చూస్తున్నాడు, రాజులాగా కాదు. మాష్టారు గోడకానుకుని కూర్చున్నవాడు లేచి బయటికి వెళ్ళాడు. బడి ఆవరణలో గొడుగు లేకుండా ఎండలో అటూ ఇటూ నడిచాడు. చాలాసేపటికి వచ్చి, బొంగురు గొంతుతో, "ఇంకోసారి చెప్పు," అన్నాడు. చెప్పాను.

"రాణి నువ్వే," అన్నాడు. "నేను మాట అందిస్తాను. పుస్తకం ఇటివ్వు."

అందరూ వద్దన్నారు. నేనే ముందు వద్దన్నాను. మీ గొంతు బాగైపోతుంది మాష్టారూ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, కండువా భుజం మీదికి సర్దుకుని, "గొంతు సంగతి కాదమ్మాయ్," అని ఊరుకున్నాడు.

నాన్నను ఒప్పించటానికి మళ్ళీ మా పల్లెకు వచ్చాడు. ఆడపిల్ల నాటకాల్లోకి పోతే రేపు పెళ్ళెవరు చేసుకుంటారని నాన్న. అదీ తెనాల్లో, అందరి ముందూ. మాష్టారు గడపలో పీట మీద కూర్చుని చెప్పాడు.

"అన్నయ్యా, నేను మగవాణ్ణయి ఉండీ ఇన్నేళ్ళు ఆడవేషం కట్టాను. లోకం ఎట్లా నవ్వుతుందో నాకు తెలిసినట్టు ఎవరికీ తెలవదు. మీ అమ్మాయిని ఒక్కరు నవ్వినా నేను తెర దించేయిస్తాను."

పొయ్యి దగ్గర్నుంచి అమ్మ అంది, "పోనియ్యి. నేనడిగితే ఎవరికీ వినబళ్ళా. అది మైకులో అడుగుద్ది."

పోటీ ఏ రోజని నాన్న అడిగాడు.

తెనాల్లో మాకు మొదటి వంతు ఇచ్చారు. అంటే పొద్దుగూకే వేళ, జనం ఇంకా చాపలు పరుచుకుంటూ పిల్లల్ని కేకలేసుకుంటూ ఉండే వేళ. డ్రెస్సుల కంపెనీ వాళ్ళు కిరీటాలూ కత్తులూ ఇచ్చారు గానీ, మొహాలకు రంగు మాత్రం మేం వెయ్యం అన్నారు. ఎందుకని మాష్టారు అడగలేదు. పంచె ఎగ్గట్టి కూర్చుని, మావాళ్ళందరికీ తన చేతుల్తోనే రంగు వేశాడు. సైనికులకు కూడా రాజుకు వేసినంత శ్రద్ధగా.

నన్ను చివర కూర్చోబెట్టాడు. అప్పుడు దగ్గరగా చూశాను ఆయన్ని. ఆ పొద్దున మొహమూ చేతులూ నున్నగా గీయించుకుని వచ్చాడు. వేషం కట్టే రోజుల్లో చేసుకునేటట్టు. కనుబొమ్మలు కూడా దిద్దించుకున్నాడు. తనకు వేషం లేదని తెలుసు. అయినా చేయించుకున్నాడు. నేను చూశానని గమనించి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

పెట్టెలోంచి తన చీర తీశాడు. ముదురు ఆకుపచ్చ, జరీ నల్లబడింది. ఆడపిల్ల ఒంటికి చెయ్యి తగలకుండా కట్టటం ఎలాగో ఆయనకే తెలుసు. కుచ్చిళ్ళు తను పెట్టి నా చేతికిచ్చేవాడు, దోపుకోవటం నా పని. పైట వేశాక దూరంగా వెళ్ళి చూశాడు. అద్దంలో నా వెనక ఆయన కనపడుతున్నాడు. ఎంతో కాలం తర్వాత బయటినుంచి ఇంటిని చూస్తున్నవాడిలా ఉన్నాడు.

"భయమేస్తోంది మాష్టారూ."

"వెయ్యాలి. అడగబోయేది చిన్న మాట కాదు." అని, నుదుట బొట్టు పెట్టాడు. "నువ్వు మాత్రం ఏడవొద్దు. నువ్వేడిస్తే చూసేవాళ్ళ పని నువ్వు చేసేసినట్టు."

అన్న సింహాసనం మీద నిండుగా కూర్చున్నాడు. కిరీటం కాస్త పెద్దది, అయినా తల కదలనియ్యలేదు. జనం ఇంకా గోలగానే ఉన్నారు. నేను వెళ్ళి నిలబడ్డాను. మా అమ్మ నిలబడ్డ చోటు తప్ప నాకు ఇంకేమీ కనపడలేదు. అడిగాను. గోల తగ్గింది. రెండోసారి అడిగేసరికి చాపల మీద పిల్లలు కూడా ఊరుకున్నారు. మూడోసారి అడిగినప్పుడు ఆడవాళ్ళ వైపునుంచి ఎవరో పైకే, "చెప్పవయ్యా ఆ తల్లికి!" అంది. ఎవరూ నవ్వలేదు.

పక్క తెర వెనక మాష్టారు పుస్తకం మూసి పట్టుకుని నిలబడ్డాడు. నా ప్రతి మాటకూ ఆయన పెదాలు కదులుతున్నాయి. ఒక్క మాట కూడా అందించాల్సిన అవసరం రాలేదు.

బహుమతుల్లో మా ఊసు లేదు. నాటకం అయ్యాక అన్నను తెర దగ్గర పెట్టిన సమాజం పెద్దమనిషి గ్రీన్‌రూము గుమ్మందాకా వచ్చి, లోపలికి రాకుండా, "ఎవరు నేర్పారమ్మా నీకు?" అని అడిగాడు. మాష్టారిని చూపించాను.

"నువ్వా రాణీ! ఇంకా ఇక్కడే ఉన్నావా?" అని నవ్వాడాయన.

"ఉన్నానండి," అన్నాడు మాష్టారు. "నేర్పుతున్నాను."

ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు మగగొంతు. అంతకుముందు గానీ తర్వాత గానీ ఆ గొంతు నేను వినలేదు.

ఆ సంగతి మాష్టారి అన్నగారింట్లో తెలిసింది. ఎవరెవరి మొహాలు పట్టుకుని రంగు వేశాడో చెప్పటానికి ఊరంతా ఉంది. పల్లె పిల్లకు కట్టిన చీర ఇంట్లోకి తేవద్దన్నారట. ఆయన చీరతోపాటు తనూ బయటికొచ్చేశాడు. రైల్వే గేటు అవతల వరసగా కట్టిన అద్దె గదుల్లో చివరి గది తీసుకున్నాడు.

తర్వాత ఆయన ఆదివారాలు రేపల్లెకే పరిమితం కాలేదు. ఇంట్లో ఎవరూ లేరు గనక అన్ని రోజులూ ఆదివారాలే అనేవాడు. ఒకరోజు సంగం జాగర్లమూడి పల్లెకు, ఒకరోజు దుగ్గిరాల వైపు, ఒకరోజు ఏదో హాస్టలుకు. పిలిచినా పిలవకపోయినా వెళ్ళేవాడు. ఎవరి చోటికి వాళ్ళ కోసం వెళ్ళేవాడు గానీ, అందరినీ ఒకచోట చేర్చలేదు. ఒక ఊరి పిల్లల సంగతి ఇంకో ఊళ్ళో చెప్పేవాడు కాదు. పోల్చుకుంటారని భయమేమో. కొందరు తర్వాత సొంతంగా సమాజాలు పెట్టుకున్నారు. ఒకమ్మాయి గొంతు రేడియో నాటకాల్లో వినపడేది. మా అన్న రేపల్లె కోర్టులో గుమాస్తాగా చేరాడు. అక్కడ కూడా ఏటా ఒక నాటకం వేసేవాడు.

నేను ఆ నాటకం ఇంకొన్ని ఊళ్ళలో ఆడాను. తర్వాత బాపట్లలో టీచర్ ట్రైనింగ్, అక్కడే ఉద్యోగం, పెళ్ళి. మా వీధి చివర ఆడపిల్లల హాస్టలు ఉంటే, వార్డెనమ్మకు చెప్పి మాష్టారిని పిలిపించాను. నెలలో ఒకటి రెండుసార్లు పొద్దున బండికి వచ్చేవాడు. పిల్లలకు నేర్పి, సాయంత్రం బండికి వెళ్ళిపోయేవాడు. ఉండమని మా ఆయన ఎన్నిసార్లు అడిగాడో.

"లేదు బాబూ, వెళ్తాను."

"మీ కోసం ఎవరెదురు చూస్తున్నారని మాష్టారూ?" అన్నాను ఒకసారి, చనువుకొద్దీ.

"అందుకే అమ్మాయ్. మనుషులున్న ఇంట్లో ఒక పూట పడుకుంటే, రేపు అక్కడ పడుకోలేను. అలవాటు తప్పకూడదు."

ఇంకెప్పుడూ ఉండమని అడగలేదు. సాయంత్రం స్టేషనుదాకా నేనే తోడు వెళ్ళేదాన్ని.

అలా వెళ్ళిన ఒకనాడు, బండి ఆలస్యమైతే, బెంచీ మీద కూర్చున్నాం. అప్పటికి ఆయన జుట్టు కత్తిరించేశాడు. మెడ బోసిగా, చిన్నపిల్లవాడి మెడలా ఉంది. ఎన్నాళ్ళుగానో నా మనసులో ఉన్న మాట అడిగాను.

"ఆ రాణి వేషం నాకిచ్చేసినందుకు మీకు బాధనిపించలేదా?"

ఆయన కండువా మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అనిపించలేదంటే అబద్ధం. ఆ రోజు నీకు చీర కడుతుంటే, ఈ పిల్లకి జ్వరమొస్తే బాగుండును అనుకున్నాను. ఎక్కువ కాదు. ఆ ఒక్క పూటకి. వచ్చిందేమోనని నీ నుదురు పట్టుకు చూశాను కూడా. చల్లగా ఉంది. ఇంక చేసేదేముంది, బొట్టు పెట్టాను."

ఆయనే నవ్వాడు ముందు.

"నువ్వడిగినట్టు నేనడగలేను అమ్మాయ్. అది ఆ జలుబు రోజే తెలిసింది. తెలిసిన తర్వాత వేషం కడితే మోసం కదూ. కానీ తెలిసినంత మాత్రాన కోరిక చావదు. రెండూ వేరే."

బండి వచ్చింది. ఎక్కి, కిటికీ దగ్గర కూర్చుని, చెయ్యి ఊపకుండా తల మాత్రం ఊపాడు. ఈ ఏడు వానలు మొదలయ్యాక ఆయన రాకపోతే, బళ్ళు సరిగా నడవక రావటం లేదనుకున్నాను.

బస్టాండులో కబురు తెలిసిన వారం, ఆదివారం పొద్దున్నే తెనాలి వెళ్ళాను. గేటు దాటి, గదుల వరస చివరికి వెళ్తే తలుపుకు తాళం ఉంది. పక్క గదిలోంచి ఇల్లుగలావిడ వచ్చింది. పెద్దావిడ, చేటలో బియ్యం ఏరుకుంటోంది.

"ఆయన కోసమేనా? పోయాడమ్మా."

"తెలిసిందండి. చూసిపోదామని వచ్చాను."

"నువ్వేమవుతావ్ ఆయనకి?"

ఏమవుతానో నాకు వెంటనే తోచలేదు. "నాటకం నేర్పారండి నాకు," అన్నాను.

ఆవిడ చేట కింద పెట్టింది. నా మొహంలోకి చూసి, కోపంగా అంది, "ఎంతమంది ఉన్నారమ్మా మీరంతా? పోయిన దగ్గర్నుంచి ఆదివారం ఆదివారం ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. ఏ ఊరినుంచో వస్తారు, తాళం చూస్తారు, ఏడుస్తారు, పోతారు. ఆ రోజు మొయ్యటానికి నలుగురు దొరకలేదమ్మా. అన్నగారింటికి కబురు పంపితే ఊళ్ళో లేరన్నారు. మున్సిపాలిటీ బండి వచ్చిందాకా వర్షంలో అట్లా పడుకోబెట్టాం. ఇంతమంది ఉన్నారని ఒక్క మాట చెప్పలేదు ఆయన. ఆయనకి ఎవరూ లేరేమో అనుకున్నాం."

అరుగు మీద కూర్చుండిపోయాను. ఎవరన్నా వస్తే తాళాన్ని చూసి తెలుసుకోకుండా ఒక మనిషి చెప్పాలనిపించింది. ఆవిడ కాసిని మంచినీళ్ళిచ్చింది. ఎండ అరుగు దాటి గోడెక్కే వేళకు సంగం జాగర్లమూడినుంచి ఒక అబ్బాయి వచ్చాడు, డిగ్రీ చదువుతున్నాడట. తర్వాత రేపల్లె వైపునుంచి ఒకమ్మాయి, చంకలో బిడ్డతో. వాళ్ళకు ఒకళ్ళొకళ్ళు తెలియదు. నేనూ తెలియదు. మాష్టారు పోయాడని చెప్పాను. ఆ అబ్బాయి తలుపు దగ్గరికి వెళ్ళి, తాళం ముట్టుకుని వచ్చాడు. ఆ అమ్మాయి చాలాసేపు బిడ్డను సముదాయిస్తున్నట్టు తల వంచుకునే ఉంది. బిడ్డ ఏడవటం లేదు.

సాయంత్రం ముగ్గురం కలిసి స్టేషనుకు నడిచాం. ఆయన గురించి ఏదన్నా చెప్పుకుందామనుకున్నాం గానీ, ఎవరి మాష్టారు వాళ్ళ దగ్గరే ఉండిపోయాడు. ముగ్గురివీ మూడు దారులు. గుంటూరు బండి ముందొచ్చింది, ఆ అబ్బాయి ఎక్కాడు. కాసేపటికి రేపల్లె బండి. బిడ్డను నా చేతికిచ్చి ఆ అమ్మాయి ఎక్కింది, కిటికీలోంచి బిడ్డను అందుకుంది. నా బండి ఇంకా రాలేదు. ప్లాట్‌ఫారం మీద నేనొక్కదాన్నే ఉన్నాను.